నూటపదహారు

తెలుగువారికి నూటపదహారు శుభప్రదమైన అంకె. పెండ్లి చదివింపులకైనా, పండితుని సంభావనకైనా నూరిచ్చి ఊరుకోవడం మనకు చేతకాదు. పైన పదహారు పెట్టవలసిందే. ఆ అంకె ఉధ్నాలోని ఒక మరమగ్గ కార్మికుని ఇంట మరొక అర్థంతో ప్రవేశించింది. అది 2013వ సంవత్సరం. దానిని మోసుకు వచ్చింది గోటిమీద నిలిచేటంత చిన్న మెమరీ కార్డు.

సూరత్ స్టేషను దాటి దక్షిణంగా వెళ్ళే రైలుకు మొదటి స్టేషను ఉధ్నా. తపతీ లోయ మీదుగా జలగావ్‌కు పోయే లైను చీలేది ఇక్కడే. అహమ్మదాబాదు నుంచి చెన్నైకి పోయే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఆ దారినే వరంగల్లు చేరుతుంది. వరంగల్లు, కరీంనగర్, నల్లగొండ జిల్లాల చేనేత పల్లెలలో మగ్గాలు మూగవోయినకొద్దీ, ఎందరో ఆ దారినే ఎదురు వచ్చి సూరత్‌లో దిగారు. ఒడిశాలోని గంజాం నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవారితో కలిసి కృత్రిమ పట్టు నేసే షెడ్లలో పన్నెండేసి గంటల షిఫ్టులకు కుదిరారు. కూలి మీటరు లెక్కన. చేతిమగ్గం మీద చీరెకు నేర్పు కావాలి. మరమగ్గానికి ముఖ్యంగా కావలసింది ఓర్పు. పాతకాలపు మరమగ్గంలో నాడె నిమిషానికి నూరుసార్లకు పైగా అటూ ఇటూ కొట్టుకుంటుంది. అటువంటి మగ్గాలు వరుసగా నిలిచిన షెడ్డులో రొద తొంబై డెసిబెళ్ళను సులువుగా దాటుతుంది. ఇరవై ఏళ్ళు అందులో నిలిచినవారి చెవులు ఏమవుతాయో చెప్పనక్కరలేదు.

ఈ కథలోని తండ్రి అటువంటివాడు. వరంగల్లు దగ్గరి పల్లెనుంచి పెండ్లికి ముందే వచ్చాడు. ఎనిమిది మగ్గాలు చూసేవాడు. కుడి చెవి దాదాపు పోయింది. ఆదివారం ప్రార్థన కూటంలో 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' తెరిచి గొంతెత్తి పాడేవాడు. ఎంత గట్టిగా పాడుతున్నదీ ఆయనకు తెలిసేది కాదు. పక్కవారు నవ్వుకొనేవారు. ఆ నవ్వు ఆయనకు వినబడేది కాదు గాని, పదిహేడేళ్ళ కొడుకుకు వినబడేది.

ఆ కొడుకు మున్సిపల్ బడిలో కొన్నాళ్ళు తెలుగులోనే చదివాడు. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడుపుతుందన్న సంగతి మన పాఠకులలో చాలామందికి తెలియకపోవచ్చు. తరువాత హిందీలోకి, ఆపైన ఐ.టి.ఐ.లోకి మారాడు. మారిన ప్రతిచోటా ఇంటి భాషను కొంత వెనక వదిలాడు. దారిలో తండ్రి తెలుగులో పిలిస్తే హిందీలో బదులు చెప్పేవాడు. స్నేహితులు అడిగితే తండ్రి "బట్టల వ్యాపారం" చేస్తాడనేవాడు. అది అబద్ధమని పూర్తిగా అనలేము. ఆ బట్ట నేసింది ఆయనే కదా! కూటానికి వెళ్ళడం కూడా మానుకున్నాడు. తండ్రి ఒక్కమాట అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధ పెట్టిందని తరువాత కొడుకే చెప్పుకున్నాడు.

ఆ కార్డు ఇచ్చినది హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతున్న మేనబావ. అప్పట్లో సూరత్ బజారులో పదీ ఇరవై రూపాయలిస్తే కార్డు నిండా సినిమా పాటలు ఎక్కించేవారు. ఇది అటువంటి అంగడి సరుకు కాదు. ఒక మనిషి కూర్చుని, ఏరి, ఒకదాని వెంట ఒకటి పేర్చిన నలభై రెండు పాటలు. దీనినే ఆంగ్లదేశాలవారు మిక్స్‌టేప్ అంటారు. ఆ అలవాటుకు న్యూయార్కులోని బ్రాంక్స్ పేట పుట్టినిల్లు వంటిది. 1973 ఆగస్టు 11న అక్కడ జమైకానుంచి వలస వచ్చిన కుటుంబపు యువకుడు, కూల్ హెర్క్ అనే పేరుతో ప్రసిద్ధుడైనవాడు, తన చెల్లెలు ఏర్పాటు చేసిన విందులో రికార్డులు వేశాడు. హిప్‌హాప్ జన్మదినంగా ఆ రోజునే చెప్పుకుంటారు. ఆ తరువాత అటువంటి విందుల సంగీతం క్యాసెట్ల కెక్కి చేతులు మారింది. పేటలో పుట్టిన పాట పేట దాటింది ఆ విధంగానే.

అందులో క్రైస్తవ శాఖ ఒకటున్నదని మన కుర్రవానికి తెలియదు. కొన్ని వారాలపాటు అవన్నీ మామూలు ఇంగ్లీషు ర్యాప్ పాటలనుకొనే విన్నాడు. మాటలు వేగంగా దొర్లిపోయేవి. పదింట రెండైనా అందేవి కావు. ఒకనాటి రాత్రి వచ్చిన పాట మిగిలినవాటికంటె పాతదిగా తోచింది. గాయకుడు ఏవో పేర్లు వరుసగా చదువుతున్నాడు. రెండు మూడు పేర్లు దాటగానే కుర్రవాని పెదవులు వాటంతట అవే కదిలాయి: ఆదికాండము, నిర్గమకాండము, లేవీయకాండము, సంఖ్యాకాండము! చిన్ననాడు ఆదివారపు బడిలో బెత్తం భయంతో కంఠస్థం చేసిన అరవై ఆరు గ్రంథాల జాబితా అది. అతనికి ఇంగ్లీషు పేర్లు రావు. వరుస మాత్రం వచ్చు. ఆ వరుసే అతనికి నిఘంటువయింది.

ఆ పాట స్టీఫెన్ వైలీ 1985లో వెలువరించిన 'బైబిల్ బ్రేక్'. అంగడిలో అమ్మకానికి వచ్చిన తొలి క్రైస్తవ ర్యాప్ రికార్డులలో దానిది ముఖ్యస్థానం. తక్కినవి చాలావరకు లెక్రే అనే గాయకునివి, అతని సహచరులవి. 1979లో హ్యూస్టన్‌లో పుట్టిన లెక్రే 2004లో ఒక మిత్రునితో కలిసి రీచ్ రికార్డ్స్ సంస్థను నెలకొల్పాడు. 2012లో అతడు ఉచితంగా పంచిన మిక్స్‌టేపుకు 'చర్చ్ క్లోత్స్' అని పేరు, అనగా చర్చికి కట్టుకుపోయే బట్టలు. దేశానికి చీరెలు నేసి ఇచ్చే ఊరిలో ఆ పేరు ఎవరికైనా పట్టకుండా ఉంటుందా? ఆ ఏడే వచ్చిన అతని 'గ్రావిటీ' 2013 ఫిబ్రవరిలో ఉత్తమ గాస్పెల్ ఆల్బమ్‌గా గ్రామీ బహుమతి పొందింది. హిప్‌హాప్ ఆల్బమ్‌కు ఆ బహుమతి దక్కడం అదే మొదలు.

మరునాడు తండ్రి రాత్రి షిఫ్టునుంచి వచ్చేసరికి ఆ పాట చిన్న స్పీకరులో మోగుతున్నది. ఆయన ఎడమచెవి దగ్గరగా పెట్టి, అరచేయి స్పీకరు మీద ఆనించి విన్నాడు.

"ఇది పాటనా బిడ్డా? తిట్టినట్టే ఉన్నది గద!"

"బైబిలు పుస్తకాల పేర్లు, నాయినా."

తండ్రి ముఖం మారింది. మళ్ళీ పెట్టమన్నాడు. ఈసారి తానూ తెలుగులో అందుకున్నాడు. అందుకున్నంతసేపు పట్టలేదు తప్పిపోవడానికి. దినవృత్తాంతములను, థెస్సలొనీకయులను ఆ అమెరికా తాళంలో ఇరికించడం మానవసాధ్యం కాదు. తండ్రీకొడుకులు చాలాకాలం తరువాత కలిసి నవ్వారు. శ్రుతి కంటె లయ ముందుగా ఆయనకు అందడంలో వింత లేదు. పై స్వరాలు వినిపించని చెవికి మద్దెల దెబ్బ అరచేతిలోంచి చేరుతుంది.

"మిగతయి ఏమంటున్నయి? తెలుగుల చెప్పు" అన్నాడు తండ్రి. చిక్కంతా అక్కడే వచ్చింది. ఇంగ్లీషు మాటను నిఘంటువులో వెదికితే హిందీ అర్థం దొరికేది; తెలుగు అతని నాలుక చివరకు వచ్చి ఆగిపోయేది. ఒక నోటు పుస్తకం పెట్టాడు. ఎడమవైపు ఇంగ్లీషు, కుడివైపు ఖాళీ. ఖాళీ తండ్రి నింపేవాడు. 'గ్రేస్' అంటే దయ అని కొడుకు రాస్తే, కొట్టి కృప అని దిద్దించాడు. దయ ఎవరైనా చూపవచ్చునట. కృప అర్హత లేనివానికి దొరికేదట. కీర్తనల పుస్తకంలో ప్రతి పుటలోనూ ఉన్న ఆ మాటకు ఇంత అర్థమున్నదని కొడుకు ఎన్నడూ అనుకోలేదు.

పాటల పేర్లలో తరచుగా 116 అని కనిపించేది. అది లెక్రే బృందం పేరు. కొడుకు ఆ అంకె చదివితే తండ్రి "నూటపదార్లా? ఎవల పెండ్లిల చదివిచ్చిండ్రు?" అని వేళాకోళమాడాడు. నూటపదహారు కాదు, ఒకటి, పదహారు. పౌలు రోమీయులకు రాసిన పత్రికలో మొదటి అధ్యాయం, పదహారో వచనం. అంతవరకు చెప్పగానే తండ్రి బైబిలు తీయకుండానే ఆ వచనం అప్పజెప్పాడు. సువార్త విషయంలో తాను సిగ్గుపడనని అపొస్తలుడు చెప్పిన చోటు అది. ఆ భావాన్నే ఆ బృందం ఒక్క ఇంగ్లీషు విశేషణంలో కుదించి తన నినాదంగా పెట్టుకుంది. కొడుకు ముందుగానే దానికి నోటు పుస్తకంలో ఒక తెలుగు మాట రాసి ఉంచాడు: సిగ్గులేనివాడు.

తండ్రి దానిని కొడుకుచేత పైకి చదివించుకొని విన్నాడు. "సిగ్గులేనోడంటే తిట్టు బిడ్డా. సిగ్గుపడనోడు వేరే" అన్నాడు.

వ్యాకరణంలో ఆ భేదం ఒక క్రియాపదమంత. ఇంగ్లీషులో ఆ రెండింటికీ వేరువేరు మాటలున్నాయి. నిఘంటువు వెంట హిందీ మీదుగా తెలుగుకు నడిచినవానికి రెండూ ఒకటిగా కనబడ్డాయి. తండ్రి ఇంకేమీ అనలేదు. రైల్వే స్టేషనులో హిందీలో చెప్పిన బదులును గాని, బట్టల వ్యాపారాన్ని గాని ఎత్తలేదు. వాటి సంగతి ఆయనకు తెలుసునో లేదో నేటికీ తేలలేదు. కొడుకు మాత్రం ఆ రాత్రి చాలాసేపు మేలుకొని ఉన్నాడు.

ప్రార్థన కూటంలో ఈ పాటల ముచ్చట వచ్చినప్పుడు ఒక పెద్దమనిషి అభ్యంతరం చెప్పాడు. తిరగేసిన టోపీలు, వదులు చొక్కాలు, డప్పుమోతలు. వీటిలో భక్తి ఎక్కడున్నదని ఆయన ప్రశ్న. ఆయనను వెనుకబడినవాడని కొట్టిపారేయనక్కరలేదు. ఆ సంవత్సరం నవంబరులోనే అమెరికాలో ఒక క్రైస్తవ సభా వేదికపైన కొందరు ఇదే మాట ఇంతకంటె కటువుగా అన్నారు. దానిమీద పెద్ద దుమారం లేచి, ఒక వక్త క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. తండ్రి వాదానికి దిగే మనిషి కాదు. చేతిలోని కీర్తనల పుస్తకం తెరిచి, కీర్తన నెత్తిన అచ్చయిన రాగం పేరు, తాళం పేరు చూపించాడు. ఆ రాగాలు మన పెద్దలు దేవాలయాల్లో, భజనల్లో పాడుకొన్నవే కదా అన్నాడు. మాట సబబైనదే. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి కవులు పాశ్చాత్య బాణీలకు మాటలు పొదగడంతో ఆగక, ఈ దేశపు రాగతాళాలలోనే క్రీస్తును కీర్తించారు కనుకనే తెలుగు క్రైస్తవులకు ఆ కీర్తనలు సొంతమయ్యాయి. ఒకనాటి కొత్త బాణీ నేటి పాత పుస్తకం. పెద్దమనిషి తల ఊపాడు గాని ఒప్పుకోలేదు. ర్యాప్ పాట ఆ కూటంలో ఏనాడూ వినబడలేదు. కుర్రవాడు మాత్రం తిరిగి కూటానికి వచ్చి, తండ్రి పక్కనే కూర్చోసాగాడు. ఆయన స్వరం మితిమీరినప్పుడు మోచేతిమీద మెల్లగా తట్టేవాడు.

తరువాత సూరత్‌లో నాడె మగ్గాలు ఒక్కొక్కటే తుక్కుకు పోయి, నీటి ధారతో నేసే వాటర్‌జెట్ యంత్రాలు వాటి స్థానంలోకి వచ్చాయి. తండ్రి పనిచేసిన షెడ్డూ అంతే. ఆయన నవజీవన్ ఎక్కి ఊరు చేరుకున్నాడు. కార్డు ఎప్పుడో పాడైపోయింది. ఆ పాటలన్నీ నేడు ఏ ఫోనులోనైనా దొరుకుతాయి కనుక దానికి ఎవరూ విచారించలేదు. నోటు పుస్తకం కొడుకు దగ్గర భద్రంగా ఉంది. నలభై రెండింటిలో పదిహేడు పాటలు పూర్తయ్యాయి. పద్దెనిమిదో పాటలో, కుర్రకారు దర్జాగా నడిచే తీరును చెప్పే ఒక అమెరికన్ యాస మాట ఉంది. దానికి ఎదురుగా పెన్సిలుతో ఠీవి అని రాసి, కొట్టివేసి, టెక్కు అని రాసి, దానినీ కొట్టివేసి ఉంది. ఇటీవల ఫోనులో అరిచి అరిచి అడిగితే, అవతలినుంచి తండ్రి "పోకడ అని రాసి చూడు" అన్నాడట.