లష్కర్‌లో వెలుతురు వెతుక్కున్న నారు

సికింద్రాబాద్‌లో ఫ్లాట్ చూడ్డానికి వచ్చేవాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. నల్లా నీళ్లు సరిగ్గా వస్తాయా, బండి ఎక్కడ పెట్టుకోవాలి, మెట్రో ఎంత దూరం, ఈస్ట్ ఫేసింగేనా. జూన్ నెలలో ఎండ ఏ కిటికీలోంచి లోపలికొస్తుందని మాత్రం ఎవరూ అడగరు. మనుషులకి ట్యూబ్‌లైట్ ఉంటే సరిపోతుంది. మొలకెత్తుతున్న విత్తనానికి అది సరిపోదు. విత్తనం వైపు నుంచి చూస్తే ఈ ఊరు ఎలా ఉంటుందో ఈ వానాకాలంలోనే నాకు తెలిసింది.

పాతవాళ్లు సికింద్రాబాద్‌ని ఇప్పటికీ లష్కర్ అనే అంటారు. అంటే దండు, సైన్యం. 1798లో నిజాంకీ ఈస్టిండియా కంపెనీకీ ఒప్పందం కుదిరాక కంపెనీ సైన్యం హుస్సేన్‌సాగర్‌కి ఉత్తరాన గుడారాలు వేసింది. 1806లో మూడో నిజాం సికిందర్ జా పేరు మీద ఆ దండు సికింద్రాబాద్ అయింది. సైన్యం కోసం పుట్టిన ఊరు కాబట్టి జాగాకి లోటు లేదు. వెడల్పు రోడ్లు, పెద్ద కాంపౌండ్లు, మధ్యలో ఒక బంగళా, చుట్టూ మామిడి, వేప చెట్లు. మారేడుపల్లి వైపు నడిస్తే అలాంటివి ఇంకా ఒకటో రెండో కనిపిస్తాయి. మిగతా చోట్ల పాత గేటు, పాత గోడ అలాగే ఉన్నాయి, లోపల మాత్రం ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ లేచింది. మేం ఉండేది అలాంటి దాంట్లోనే, వెస్ట్ మారేడుపల్లిలో, మూడో అంతస్తు.

40 గింజలు

సూర్యాపేటలో మా ఇల్లు అమ్మేసి అమ్మానాన్న నా దగ్గరికి వచ్చి మూడేళ్లు దాటింది. నాన్న ఆరోగ్యం కోసం తప్పలేదు. అక్కడి పెరడు ఇప్పుడు లేదు, కొన్నవాళ్లు సిమెంటు చేసి కారు పెట్టుకున్నారు. ఆ పెరట్లోంచి అమ్మ తెచ్చుకున్నది ఒక పాత మాత్రల డబ్బా. అందులో నాటు టమాట గింజలు. లెక్కపెడితే 40 ఉన్నాయి.

బజార్లో దొరికే గట్టి హైబ్రిడ్ టమాట కాదిది. పల్చటి తోలు, వంకర ఆకారం, పప్పులో రెండు వేస్తే చింతపండు అక్కర్లేనంత పులుపు. దీనికి పేరు లేదు, ప్యాకెట్ లేదు, ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టడానికి లింకు లేదు. టమాట గింజల్ని తేమ తగలకుండా దాస్తే నాలుగైదేళ్లు మొలుస్తాయి, తర్వాత మొలక శాతం పడిపోతూ వస్తుంది. అంటే మాకు ఎక్కువ టైం లేదు.

మృగశిర కార్తె రాగానే అమ్మ 20 గింజలు పోసింది. కోకోపీట్ ట్రే హాల్లోంచి బాల్కనీ తలుపు పక్కకి చేరింది. ఆరో రోజుకి 17 మొలిచాయి. అమ్మ ముఖం చూస్తే సూర్యాపేట వెళ్లొచ్చినట్టుంది.

సూర్యుడు ఆ వైపు ఉండడు

పదో రోజుకి మొలకలు దారాల్లా సాగాయి. రెండంగుళాల కాడ, చివర రెండు చిన్న ఆకులు, అన్నీ గాజు తలుపు వైపు వంగి ఉన్నాయి. వెలుతురు చాలనప్పుడు మొలక చేసే పని ఇది. ఎక్కడో పైన ఎండ ఉందనుకుని ఉన్న శక్తంతా కాడ పొడవు మీద పెట్టేస్తుంది. కాడ లావెక్కదు.

మా బాల్కనీ దక్షిణానికి ఉంది. దక్షిణం అంటే ఎండ బాగా వస్తుందని అందరూ అనుకుంటారు. శీతాకాలంలో అది నిజమే. కానీ సికింద్రాబాద్ ఉన్నది సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. ఏటా మే 9 ప్రాంతంలోనూ ఆగస్టు 3 ప్రాంతంలోనూ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలబడితే నీడ కనిపించదు. ‘జీరో షాడో డే’ అని ఆ రోజు ఇన్‌స్టాలో అందరూ సీసాలు నిలబెట్టి రీల్స్ పెడతారే, అదే. ఆ రెండు తేదీల మధ్య సూర్యుడు రోజంతా మనకి ఉత్తరం వైపునే తిరుగుతాడు. అంటే దక్షిణపు గోడకి దాదాపు మూడు నెలలు నేరుగా ఎండ తగలదు. సరిగ్గా మన వానాకాలం నారు పోసే రోజులు అవే. దానికి తోడు మాకు పది అడుగుల దూరంలో ఇంకో బిల్డింగ్.

ఫోన్‌లో లైట్ మీటర్ యాప్ వేసి కొలిచాను. లెక్క పక్కాగా ఉండదు కానీ తేడా తెలుస్తుంది. హాలు మధ్యలో 150 లక్స్. బాల్కనీ తలుపు దగ్గర 1,500. టెర్రస్ మీద మబ్బు పట్టిన మధ్యాహ్నం కూడా 25 వేలు. మంచి ఎండలో అది లక్ష దాకా వెళ్తుంది. మన కళ్లు సర్దుకుపోతాయి కాబట్టి హాల్లోనూ వెలుగు ఉన్నట్టే అనిపిస్తుంది. మొలకకి ఆ సర్దుబాటు లేదు.

నారు పోసినవాడు నీరు పోయడా?

పన్నెండో రోజు పొద్దున చూసేసరికి ఆరు మొలకలు పక్కకి ఒరిగి ఉన్నాయి. సాయంత్రానికి పది. కాడ మట్టిని తాకే చోట ఎవరో గిల్లినట్టు సన్నబడి, గోధుమ రంగుకి తిరిగింది. ఆకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి. అమ్మ ఏమీ అనలేదు. ట్రే పక్కన కూర్చుని ఒక్కోటీ తీసి చూస్తూ ఉండిపోయింది.

రైతులు దీన్ని నారుకుళ్లు తెగులు అంటారు. పిథియం, రైజోక్టోనియా లాంటి సూక్ష్మజీవుల పని. ఎప్పుడూ తడిగా ఉండే మట్టి, కదలని గాలి, తక్కువ వెలుతురు, ఈ మూడూ కలిస్తే వాటికి పండగే. జూన్ చివర్లో కిటికీలు మూసిన ఫ్లాట్‌లో మూడూ ఫ్రీగా దొరుకుతాయి. ఊళ్లో నారుమడి ఎత్తుగా కడతారు, పైన గాలి వీస్తుంది, మధ్యాహ్నానికి పైమట్టి ఆరిపోతుంది. రోజూ నీళ్లు చల్లే అలవాటు అక్కడ చెల్లింది. మూడో అంతస్తు ప్లాస్టిక్ ట్రేలో తడి ఎటూ పోదు.

ఆ ఆదివారం అమ్మతో మోండా మార్కెట్ వెళ్లాను. వందేళ్లు దాటిన బజారు, సికింద్రాబాద్ స్టేషన్ నుంచి నడిచే దూరం. ఒక సందులో కూరగాయలు, ఇంకో సందులో పూజ సామాను, ఇత్తడి బిందెలు, తాళ్లు, బుట్టలు. సూపర్ మార్కెట్‌లో ఎవర్నీ ఏమీ అడగం. ఇక్కడ అడక్కుండా ఉండలేం. శామీర్‌పేట వైపు నుంచి ఆకుకూరలు తెచ్చి అమ్మే ఒక పెద్దామె అమ్మ చెప్పిందంతా విని నావైపు తిరిగింది.

“రోజూ పోసుడు కాదు తమ్మీ. పొద్దుగాల మన్ను మీద వేలు పెట్టు. వేలికి అంటితే ఆ దినం నీళ్లు పొయ్యొద్దు. నారుకు గాలి తగలాలె. మీ ఇంట్ల ఫ్యాను లేదా?”

ఫ్యాన్ ఉంది. మాకోసం తిరుగుతోంది, నారుకోసం కాదు.

కట్టెల బూడిద చల్లమని కూడా చెప్పింది. పైన పల్చగా చల్లితే పైతడి పీల్చుకుంటుంది. ఎక్కువైతే మట్టికి క్షారం ఎక్కుతుంది కాబట్టి చిటికెడే వేశాం.

రాణీగంజ్ లైటు, వాచ్‌మన్ డౌటు

మోండా నుంచి రాణీగంజ్ ఎంతో దూరం లేదు. మోటార్లు, పైపులు, బేరింగులు, బోల్టులు, తెలంగాణ పల్లెల్లో ఏ పంపుసెట్టు చెడినా సామాను కోసం వచ్చే సందులివి. అక్కడే రెండు 20 వాట్ల తెల్ల ఎల్‌ఈడీ బ్యాటెన్లు, ప్లగ్‌కి పెట్టే టైమర్ తీసుకున్నాం. గ్రో లైట్ అని వేలు పోయక్కర్లేదు, నారుకి మామూలు తెల్ల ఎల్‌ఈడీ చాలు. మొలకలకి జానెడు ఎత్తులో వేలాడదీసి రోజుకి 15 గంటలు వెలిగించాం. 40 వాట్లు, 15 గంటలు, అంటే రోజుకి 0.6 యూనిట్. నెలకి 18 యూనిట్లు. పెద్ద బిల్లేం కాదు.

రాత్రి తొమ్మిదిదాకా బాల్కనీ తలుపు వెనక తెల్లగా మెరుస్తుంటే మా వాచ్‌మన్‌కి డౌట్ వచ్చింది. “సార్, లోపల ఏం పెంచుతున్నరు? కింద అందరు అడుగుతున్నరు” అన్నాడు నవ్వు ఆపుకుంటూ. ఆయన డౌటు మరీ గాల్లోది కాదు. ఇంట్లో లైటు కింద మొక్కలు పెంచడం గురించి ఇంగ్లిష్‌లో వెతికితే వచ్చే వీడియోల్లో చాలా భాగం గంజాయి పెంచేవాళ్లవే. కెనడాలో 2018 నుంచి చాలా రాష్ట్రాల్లో ఇంటికి నాలుగు మొక్కల దాకా చట్టమే ఒప్పుకుంటుంది. మన దగ్గర 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం గంజాయి మొక్క పెంచడమే నేరం. పదేళ్ల దాకా కఠిన శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా. ఫ్రెండ్స్ సరదాగా పంపే వీడియో చూసి కుండీలో ట్రై చేద్దామనుకునేవాళ్లకి ఈ ఒక్క లైను చాలనుకుంటా. మొలక కష్టాలు మాత్రం ఏ మొక్కకైనా ఒకటే: సాగిపోవడం, కుళ్లిపోవడం, పాలిపోవడం. వాచ్‌మన్‌ని పైకి తీసుకొచ్చి ట్రే చూపించాం. వాసన చూసి “టమాటానే” అని కింద రిపోర్ట్ ఇచ్చాడు.

ఏడు మిగిలాయి

కుళ్లిన మొలక తిరిగి లేవదు. దాని గురించి ఆలోచించకుండా చుట్టూ ఉన్న కోకోపీట్‌తో సహా తీసి పారేయాలి. మిగిలిన ఏడింటిని విడివిడి కప్పుల్లోకి మార్చాం. అడుగున చిల్లులు, కొత్త కోకోపీట్, కొంచెం వర్మీకంపోస్ట్, పాకెట్‌లో దొరికే ట్రైకోడెర్మా పొడి చెంచాడు. ఇది కుళ్లు తెచ్చే జాతుల్ని అడ్డుకునే మంచి శిలీంధ్రం.

సాగిన కాడల్ని మొదటి ఆకుల దాకా లోతుగా పాతాం. టమాటకి ఉన్న సుగుణం అది, మట్టిలో పూడ్చిన కాడ నుంచి కూడా వేర్లు వేస్తుంది. మిర్చికి, వంకాయకి ఈ చిట్కా ఇంత బాగా పనిచేయదు. టేబుల్ ఫ్యాన్ తక్కువ స్పీడులో రోజుకి రెండు గంటలు పెట్టాం. గాలికి ఊగే కొద్దీ కాడ గట్టిపడుతుంది.

వారానికి కొత్త ఆకులు లేత పసుపుగా వచ్చాయి. ఇక్కడ నీళ్ల కథ మొదలైంది. మా అపార్ట్‌మెంట్‌లో నల్లా నీళ్లు అయిపోతే బోరు నీళ్లు కలుపుతారు. బకెట్ అంచున తెల్లటి పొర కట్టేది ఆ బోరు నీళ్లే. కోకోపీట్‌లో సొంతంగా పోషకాలు దాదాపు ఉండవు, సరిగ్గా కడగకపోతే ఉప్పు మాత్రం ఉంటుంది. దానిమీద బోరు ఉప్పు చేరితే వేరు తీసుకోలేదు. ఈ నగరం ఒకప్పుడు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నీళ్లు తాగింది. తర్వాత మంజీరా, ఆ తర్వాత కృష్ణా, ఎల్లంపల్లి నుంచి గోదావరి వచ్చాయి. అంత దూరం నుంచి వచ్చే నీళ్లని అమ్మ ఒక బిందెలో పట్టి నారుకోసం పక్కన పెట్టడం మొదలుపెట్టింది. లీటరుకి ఒక్క గ్రాము 19:19:19 ఎరువు కలిపి వారానికోసారి ఇచ్చాం. పది రోజుల్లో పచ్చదనం తిరిగొచ్చింది.

డబ్బాలో మిగిలిన 20 గింజల్లో పది జులై మొదట్లో పోశాం, ఈసారి మొలిచిన రోజు నుంచే లైటు కింద. తొమ్మిది మొలిచాయి, ఒక్కటీ ఒరగలేదు. ఆఖరి పది గింజలు ముట్టుకోలేదు.

మీరూ ఫ్లాట్‌లోనే ఉంటే

మొలక కనిపించిన రోజే లైటు కిందికి మార్చండి, మర్నాటికి వాయిదా వద్దు. నీళ్లు పైనుంచి కాకుండా ట్రే అడుగున పోసి, అరగంట తర్వాత మిగిలింది పారబోయండి. నిజం ఆకులు రెండు వచ్చేదాకా ఎరువు జోలికి పోవద్దు. గింజలన్నీ ఒకేసారి పోయొద్దు. టెర్రస్‌కి మార్చేముందు వారంపాటు రోజుకో గంట చొప్పున పెంచుతూ ఎండ అలవాటు చేయండి, లేదంటే ఆకులు తెల్లగా కాలిపోతాయి. నారు పెంచే ఓపిక లేకపోతే ట్రేల్లో పెరిగిన నారు నర్సరీల్లో దొరుకుతుంది. దాంట్లో తప్పేమీ లేదు. కాకపోతే మీ ఇంటి పాత రకం అక్కడ ఉండదు.

బోయిన్‌పల్లి దాకా

లష్కర్ బోనాలు అయ్యాక ఆగస్టులో 16 మొక్కలూ టెర్రస్ మీద గ్రో బ్యాగుల్లోకి ఎక్కాయి. అసోసియేషన్ వాళ్లు వాటర్ ట్యాంక్ పక్కన రెండు వరసలకి ఒప్పుకున్నారు, పంటలో వాటా కండిషన్ మీద. సెప్టెంబర్ వానలకి నాలుగు పోయాయి. పన్నెండు నిలిచాయి.

సరుకు కోసం ఈమధ్య బోయిన్‌పల్లి మార్కెట్‌కి వెళ్లాం. లారీల్లోంచి టమాట ట్రేలు దిగుతుంటే అమ్మ ఒక్కోటీ నొక్కి చూసి “తోలు చూడు, చెప్పులు కుట్టొచ్చు” అంది. ఆ మార్కెట్‌లో మిగిలిపోయిన, కుళ్లిన కూరగాయల్ని పారేయరు. రోజుకి పది టన్నుల వ్యర్థం నుంచి సుమారు 500 యూనిట్ల కరెంటు తీసే బయోగ్యాస్ ప్లాంట్ ఉంది. 2021 జనవరిలో ప్రధాని ‘మన్ కీ బాత్’లో దాని గురించి చెప్పారు. ఇంట్లో మేం కరెంటు పెట్టి టమాట తీస్తున్నాం, ఇక్కడ టమాట పెట్టి కరెంటు తీస్తున్నారు. అమ్మకి ఆ లెక్క చెబితే చాలాసేపు నవ్వింది.

అక్టోబర్ మూడో వారంలో మొదటి కాయలు పండాయి. వంకర ఆకారం అలాగే ఉంది. పప్పులో పులుపు కొంచెం తగ్గినట్టుంది అన్నాడు నాన్న. “మన్ను మారింది, నీళ్లు మారినయ్, దానిక్కూడా అలవాటు కావాలె గదా” అంది అమ్మ. బాగా పండిన రెండు కాయల్ని కూరకి ఇవ్వకుండా పక్కన పెట్టింది. గుజ్జుతో సహా గింజల్ని గ్లాసులో మూడు రోజులు పులియబెట్టి, కడిగి, నీడలో కాగితం మీద ఆరబెట్టింది. అవి 112 ఉన్నాయి. కొత్త కవర్లో పోసి, నా చేత పైన తేదీ రాయించింది. ఊరి పేరు ఏం రాయమంటావని అడిగాను. కాసేపు ఆలోచించి, మారేడుపల్లి అని రాయమంది.