వద్దన్నా మోగే గంట

అడగని అప్పు ఇస్తామనేవారు, చూడని ఊళ్ళో స్థలం అమ్ముతామనేవారు మన చరవాణుల్లో కాపురం పెట్టి చాలా కాలమైంది. సరిగ్గా అన్నం తిని నడుం వాల్చే వేళకే వారికి మనం గుర్తుకు వస్తాము.

ఈ బాధకు మిత్రులు తలా ఒక మందు చెబుతారు. ఒకరు తిడతారు. మరొకరు తీరిగ్గా ఎదురు ప్రశ్నలు వేసి అవతలివారినే విసిగిస్తారు. తెలియని నంబరైతే ఎత్తనే ఎత్తరు ఇంకొకరు. ఈ చివరి మందుతోనే భయం. మా వీధిలో ఒక పెద్దాయన అప్పులవాళ్ళనుకొని వరుసగా మూడు సార్లు ఫోను కట్టేశారు. ఆ ఫోను ఆయన తమ్ముణ్ణి చేర్చిన ఆసుపత్రి నుండి. అదృష్టవశాత్తు తమ్ముడు కోలుకున్నాడు. ఆయన మాత్రం ఇప్పటికీ గంట మోగితే ఉలిక్కిపడతారు.

ఇక తిట్టడం మా నాన్నగారికి చేతకాదు. విశ్రాంత ఉపాధ్యాయులు. "ఏ ఊరమ్మా మీది?" అని మొదలుపెడతారు. ఒక అమ్మాయి వినుకొండ అని చెప్పిందట. రోజుకు ఇన్ని ఫోన్లని లెక్క, తప్పితే జీతంలో కోత అట. నేను చిరాకుపడితే ఆయనన్నారు: "తిట్టు ఆ పిల్ల దగ్గరే ఆగిపోతుందిరా, చేయించినవాడి దాకా పోదు."

ఆ దాకా పోయే దారి ఒకటుంది. ఇటువంటి ఫోన్లు వద్దనేవారి జాబితాకు ట్రాయ్ 2007లోనే నిబంధనలు చేసింది. దానికి 1909 అనే నంబరు ఉంది. ఆంగ్లంలో "స్టార్ట్ 0" అని ఆ నంబరుకు సందేశం పంపితే ప్రచారాలన్నీ వద్దన్నట్టే. అంతమాత్రాన గంట పూర్తిగా ఆగదు. ప్రచారం చేసుకొనేవారు 140తో మొదలయ్యే నంబర్ల నుండే చేయాలి. మామూలు పదంకెల నంబరు నుండి చేస్తే అది దొడ్డిదారి. 2025లో సవరించిన నిబంధనల ప్రకారం, అటువంటివారి మీద జాబితాలో చేరనివారు కూడా ఫిర్యాదు చేయవచ్చు. మూడు రోజుల గడువును ఏడు రోజులు చేశారు. ఫోను వచ్చిన నంబరు, తేదీ, వారు చెప్పినదాని సారాంశం ఇస్తే చాలు.

కనుక నా పద్ధతి ఇది: అమ్మాయికి "వద్దమ్మా" అని ఒక్క మాట, 1909కి ఒక ఫిర్యాదు. నాన్నగారి ఫోనులో ఆ సందేశం నేనే పంపాను. మీ ఇంటి పెద్దవారి ఫోనులో ఎవరు పంపుతారు?