బరువు ఎంతో చెప్పాలి

ఆడవాళ్ళకి బరువంటే పెళ్ళిచూపుల్లో గుసగుసగా అడిగే అంకె. కొండదారుల్లో తొక్కే నా సైకిలు వెనక షాక్‌కి మాత్రం అదొక కొలత, అంతే.

ఆ షాక్‌లో గాలి ఎంత ఉండాలో తొక్కే మనిషి బరువుని బట్టి ఉంటుంది. షాపతను అందరికీ కొట్టినట్టే కొట్టి ఇచ్చాడు. "ఆడవాళ్ళని బరువెలా అడుగుతామండీ" అన్నాడు. అతని మర్యాదకి అనంతగిరి రాళ్ళ మీద నా నడుం మూల్యం చెల్లించింది.

హెల్మెట్, బూట్లు, నీళ్ళ సంచీతో కలిపి నేను 54 కిలోలు. నా షాక్ మొత్తం 55 మిల్లీమీటర్లు కదులుతుంది. నేను సీటు మీద కూర్చుంటే అందులో 30 శాతం, అంటే 16.5 మిల్లీమీటర్లు దిగాలి. షాక్ రాడ్డు మీది రబ్బరు రింగుని పైదాకా జరిపి, గోడ పట్టుకుని కూర్చుని, మెల్లగా దిగి చూశాను. రింగు 9 దగ్గరే ఆగింది. కొంచెం గాలి తీయడం, మళ్ళీ కూర్చుని కొలవడం. నాలుగోసారికి సరిపోయింది. గాలి తగ్గితే షాక్ తిరిగి లేచే బలమూ తగ్గుతుంది. అందుకని రీబౌండ్ మరని వేగం వైపు మూడు క్లిక్కులు తిప్పాను. లేకపోతే వరస రాళ్ళ మీద లేచే వ్యవధి లేక కుంగిపోతూనే ఉంటుంది.

1990లో అమెరికాలోని డురాంగోలో జరిగిన మొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లోనే మహిళల క్రాస్‌కంట్రీ ఉంది. జూలీ ఫుర్టాడో గెలిచింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా మన బరువు అడగడానికి మొహమాటమే!

స్నేహితురాళ్ళ సైకిళ్ళు సర్దేటప్పుడు నేను ముందు అదే అడుగుతాను. సంచీతో సహా చెప్తారు.