తాటిపాకలో పరదేశపు పులుసు

అమలాపురం నుండి బోడసకుర్రు వంతెన మీదుగా వైనతేయ గోదావరిని దాటి, మామిడికుదురు మీదుగా వెళితే తాటిపాక వస్తుంది. ఆ పేరు వినగానే 2001లో ప్రారంభమైన ఓ.ఎన్.జి.సి. చిన్న చమురు శుద్ధి కర్మాగారమే చాలామందికి గుర్తుకు వస్తుంది. మేము మాత్రం ఒక వంటింటికి అతిథులుగా వెళ్ళాము.

కువైట్‌లో తొమ్మిది సంవత్సరాలు ఇంటిపని చేసి తిరిగివచ్చిన ఒక సహోదరి మమ్మల్ని భోజనానికి పిలిచింది. ఆమె వెళ్ళేనాటికి కూతురికి మూడేళ్ళు. నాయనమ్మే పెంచింది. ఇప్పుడు ఆ పిల్ల అన్నం నాయనమ్మ వడ్డిస్తేనే తింటుంది. ఈ మాట చెబుతున్నప్పుడు ఆ తల్లి మా ముఖం చూడలేదు.

ఆమె పనిచేసిన ఇంటిలో వంట చేసే స్త్రీది ఫిలిప్పీన్స్ దేశము. ఒకరి భాష ఒకరికి రాదు. ఇద్దరూ సొంత బిడ్డలను ఊరిలో విడిచి, పరాయి బిడ్డలకు వండిపెట్టినవారే. కూరలు తరుగుతూ, చేతులతో చూపించుకుంటూ ఒకరి వంట ఒకరు నేర్చుకున్నారట.

పరదేశపు వంట గనుక మనకు దొరకని సరుకులు కావాలేమో అనుకున్నాము. ఆమె పెరటిలోకి వెళ్ళి కొబ్బరికాయ, పచ్చి బొప్పాయి, మునగాకు తెచ్చింది! ఫిలిప్పీన్స్ 7,600కు పైగా దీవులున్న దేశము. అక్కడా వరి, కొబ్బరి, చేపలే ఇంటింటి ఆహారము.

మొదట సినిగాంగ్ అనే పులుసు పెట్టింది. చింతపండు రసములో ఉల్లి, టమాటా, ముల్లంగి వేసి మరిగించి, తరువాత వంకాయ, బెండకాయ, బొబ్బరకాయలు, చివరిగా రొయ్యలు వేసింది. రొయ్యలు ఎర్రబడగానే దించివేయాలి. కారము లేదు, మసాలా లేదు, తాలింపు లేదు.

రెండవది కోడి అడోబో. స్పెయిన్ వారు 16వ శతాబ్దములో వచ్చి ఆ పేరు పెట్టక మునుపే అక్కడివారు మాంసమును వెనిగర్‌లో వండేవారు. పులుపు వలన ఉడికిన మాంసము త్వరగా చెడదు. కిలో కోడికి అర కప్పు వెనిగర్, అర కప్పు సోయా సాస్, ఒక వెల్లుల్లి గడ్డ, చెంచాడు మిరియాలు, రెండు బిర్యానీ ఆకులు చాలు. సోయా సాస్‌లోనే ఉప్పు ఉన్నది. వెనిగర్ పచ్చివాసన పోయేవరకు గరిటె పెట్టకూడదట. అల్యూమినియం గిన్నె పనికిరాదు, స్టీలుదే వాడాలి.

మిగిలిన కోడిముక్కలను అల్లము, బొప్పాయి ముక్కలతో ఉడికించి, దించేముందు మునగాకు వేస్తే తినోలా. గుమ్మడికాయ, రొయ్యలను పలుచని కొబ్బరిపాలలో ఉడికించి, చిక్కని పాలు చివర సన్నని సెగ మీద పోస్తే గినతాన్. సెగ ఎక్కువైతే పాలు విరుగుతాయి. కొబ్బరికాయలను లెక్కపెట్టి అమ్ముకునే మనము వాటి పాలను కూరలో ఎంత తక్కువగా వాడుతున్నామో అప్పుడు తెలిసింది.

అందరము కూర్చున్నాము. పిల్ల కంచము ముట్టలేదు. నాయనమ్మ పులుసు కొంచెము నోట వేసుకొని, "ఓసి పిచ్చిదానా! ఇది మన చింతచిగురు రొయ్యలకు చెల్లెలే. తిను" అన్నది.

పిల్ల రుచి చూసింది. కాసేపు ఊరుకొని, "అమ్మా, నీకు ఇది నేర్పిన ఆవిడకు పిల్లలున్నారా?" అని అడిగింది.

"ఉన్నారమ్మా. నీ ఈడుదే ఒక అమ్మాయి ఉంది."

"మరి ఆ అమ్మాయికి ఎవరు వండుతున్నారు?"

తల్లి జవాబు చెప్పలేకపోయింది. పిల్ల తన కంచము నాయనమ్మ వైపు గాక తల్లి వైపు జరిపింది.

తిరుగు ప్రయాణములో మేమిద్దరము ఎక్కువ మాట్లాడుకోలేదు. మన ఊళ్ళలో గల్ఫ్ నుండి తిరిగివచ్చే తల్లులు ఏమి తెచ్చారని అందరము అడుగుతాము. ఈసారి, ఏమి వండుతారో అడిగి, వారి ప్రక్కన కూర్చొని తిందాము.