హెక్టిక్

“ఇవాళ చాలా హెక్టిక్ అమ్మా, తర్వాత చేస్తా.” రెండేళ్లుగా సాయంత్రం అమ్మ ఫోన్‌కి నా జవాబు ఇదే.

మొన్న ‘హామ్లెట్’ చదువుతుంటే ఆ మాట కనిపించింది. అక్కడ దాని అర్థం జ్వరం. నిఘంటువు తీశాను. గ్రీకు మూలానికి ‘అలవాటైనది’ అని అర్థం. ఒంటికి అలవాటైపోయి, రోజూ సాయంత్రానికి తిరిగొచ్చే జ్వరాన్ని పాత వైద్యులు హెక్టిక్ అన్నారు. ఎక్కువగా క్షయ రోగులకి వచ్చేది. బుగ్గలు ఎర్రబడతాయి. చూసేవాళ్లకి మొహం కళగానే ఉంటుంది, లోపల మనిషి కరిగిపోతుంటాడు. ఆ జ్వరపు హడావిడే 20వ శతాబ్దంలో మన పనిరోజులకి అంటుకుంది.

ఆ రాత్రి నేనే ఫోన్ చేసి అమ్మకి ఇదంతా చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

“మా పెదమామయ్యకి అదే. దీపాలు పెట్టే వేళకి ఒళ్లు కాలిపోయేదట. మొహం మెరుస్తుంటే, పిల్లాడు రంగు తేలాడని మా అమ్మమ్మ మురిసిపోయేదట.” మళ్లీ ఆగి అంది: “నీకూ రోజూ ఆ వేళకే కదే.”

ఇప్పుడు హెక్టిక్ అనడం లేదు. పనెక్కువగా ఉందమ్మా అంటున్నాను. అలా అంటే ఏం పని అని అడుగుతుంది. చెప్పాల్సి వస్తుంది.