అరవై నాలుగున్నర మోడల్‌!

‘మీ కారు ఏ మోడల్‌?’ అని అడిగితే ఎవరైనా ఏం చెబుతారు... తొంభై ఎనిమిదో, రెండువేల అయిదో అంటారు. డెట్రాయిట్‌లో ఓ పెద్దాయన మాత్రం ‘అరవై నాలుగున్నర’ అన్నాడు. అదీ ఎంతో గర్వంగా! ఆ ‘అర’ వెనకున్న కథ తెలియాలంటే అక్కడి ఓ రోడ్డూ, ఓ మ్యూజియం, ఓ ఫ్యాక్టరీ చూసి రావాల్సిందే.

మా అక్కావాళ్లు ఉండేది డెట్రాయిట్‌ శివార్లలోని ఫార్మింగ్టన్‌ హిల్స్‌లో. ఆ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఎవరిని కదిపినా కార్ల మాటే. నేను వెళ్లింది ఆగస్టులో. ‘మంచి సమయానికి వచ్చావోయ్‌, కార్ల తిరునాళ్లు చూద్దువుగాని’ అన్నాడు బావ.

నిజంగా తిరునాళ్లే! ఏటా ఆగస్టు మూడో శనివారం వుడ్‌వార్డ్‌ అవెన్యూ మీద ‘డ్రీమ్‌ క్రూజ్‌’ జరుగుతుంది. 1995లో మొదలైన సంబరమిది. పాతకాలం కార్లన్నీ బారులు తీరి మెల్లగా సాగుతుంటే, జనం రోడ్డు పక్కన మడత కుర్చీలు వేసుకుని చూస్తుంటారు. అక్కడే ఓ చెట్టు కింద తెల్లటి ఫోర్డ్‌ మస్టాంగ్‌ ఆగి ఉంది. దాని పక్కన నిలబడ్డ పెద్దాయనే ఈ ‘అరవై నాలుగున్నర’ ఆసామి. కారు బాగుందన్నానో లేదో, నన్ను లోపల కూర్చోబెట్టి మీటర్ల దగ్గరున్న చిన్న దీపం చూపించాడు. దానిమీద ‘జెన్‌’ అని రాసుంది. ‘నా కారు కథంతా ఈ మూడక్షరాల్లోనే ఉంది’ అన్నాడు.

ఏప్రిల్లో పుట్టిన గుర్రం

మర్నాడు మా ప్రయాణం డియర్‌బోర్న్‌కి. ఫార్మింగ్టన్‌ హిల్స్‌ నుంచి కారులో అరగంట. అక్కడి హెన్రీ ఫోర్డ్‌ మ్యూజియంలో లేనిది లేదు. రోజా పార్క్స్‌ సీటు వదలనని కూర్చున్న బస్సు, కెనెడీ చివరిసారి ప్రయాణించిన కారు, లింకన్‌ హత్య జరిగినప్పుడు కూర్చున్న కుర్చీ... అన్నీ ఇక్కడే. వాటి మధ్యే ఒకటో నంబరు మస్టాంగ్‌ కూడా ఉంది.

మస్టాంగ్‌ అంటే అడవిగుర్రం. అమెరికాలో కొత్త ఏడాది మోడళ్లు అంతకు ముందు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే వచ్చేవి. ఈ గుర్రం అంతదాకా ఆగలేదు. 1964 మార్చి 9న తయారీ మొదలైతే, ఏప్రిల్‌ 17న న్యూయార్క్‌ ప్రపంచ ప్రదర్శనలో జనం ముందుకొచ్చింది. ధర 2,368 డాలర్ల నుంచి మొదలు. మొదటి రోజే 22 వేల ఆర్డర్లు వచ్చాయి! కంపెనీ లెక్కలో ఇవన్నీ 1965 మోడళ్లే. ఒకటో నంబరు కారు మీదున్న 5ఎఫ్‌08ఎఫ్‌100001 సంఖ్యే చూడండి. మొదటి అయిదు అంటే 1965. తర్వాతి ఎఫ్‌ డియర్‌బోర్న్‌ ఫ్యాక్టరీ. 08 అంటే టాపు మడిచే రకం. రెండో ఎఫ్‌ ఇంజిను గుర్తు. మిగిలింది వరస సంఖ్య. అందులో ‘అర’ ఎక్కడా లేదు. అది అభిమానులు పెట్టుకున్న ముద్దుపేరు.

ఈ ఒకటో నంబరు కారుకీ ఓ కథుంది. డీలరు దగ్గర ప్రదర్శన కోసం దాన్ని కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌కి పంపారు. స్టాన్లీ టక్కర్‌ అనే విమాన పైలట్‌ చూసి ముచ్చటపడి, విడుదలకు ముందే కొనేసుకున్నాడు! పొరపాటు తెలిసి కంపెనీ బతిమాలినా వెంటనే ఇవ్వలేదు. 1966లో మస్టాంగ్‌ల సంఖ్య పది లక్షలకు చేరినప్పుడు కొత్త కారు తీసుకుని దీన్ని తిరిగిచ్చాడు.

ఆగస్టులో ఏం మారింది?

1964 ఆగస్టులో అసలైన ‘1965’ తయారీ మొదలైంది. బయటి నుంచి చూస్తే అదే కారు. బానెట్‌ ఎత్తితే మాత్రం తేడాలే తేడాలు. అంతవరకూ బ్యాటరీని ఛార్జి చేసింది డైనమో. ఇంజిను నెమ్మదిగా తిరిగేటప్పుడు డైనమో చాలినంత కరెంటు ఇవ్వలేదు. సిగ్నల్‌ దగ్గర ఆగితే హెడ్‌లైట్లు మసకబారేవి. అందుకే దాని స్థానంలో ఆల్టర్నేటర్‌ పెట్టారు. దాంతో దీపం మీద ‘జెన్‌’ పోయి ‘ఆల్ట్‌’ వచ్చింది. 101 హార్స్‌పవర్ల చిన్న ఇంజిను బదులు 120 హార్స్‌పవర్లది వచ్చింది. రేడియేటర్‌ వెనకాల ఉండే హారన్లు చోటు మారాయి. ముందుకీ వెనక్కీ జరగని డ్రైవర్‌ పక్క సీటు జరగడం నేర్చుకుంది.

మన ఆటోనగర్లలోనూ స్పేర్‌పార్టు అడిగితే ‘ఏ నెల బండి?’ అంటారు కదా, అందుకే. ఇక్కడా అంతే. తలుపు అంచున ఉన్న రేకు మీద తేదీ ఉంటుంది. జనవరికి ఏ, ఫిబ్రవరికి బి... అలా నెలకో అక్షరం. విడిభాగాల నంబర్లలో మొదటి సి అంటే అరవైల దశకం. పక్కన నాలుగుంటే 1964, అయిదుంటే 1965.

సోమవారం బావ సెలవు పెట్టి మ్యూజియం నుంచి బస్సులో రూజ్‌ ఫ్యాక్టరీకి తీసుకెళ్లాడు. పైనున్న నడక దారిలోంచి చూస్తే కింద ట్రక్కులు ఒకదాని వెనక ఒకటి కదులుతున్నాయి. ఈ ఆవరణలోనే నలభై ఏళ్లపాటు మస్టాంగ్‌లు తయారయ్యాయి. 2004 మే 10న ఆఖరిది బయటికొచ్చింది.  కారు ఒక పక్క తయారవుతుండగానే మరో పక్క దాన్ని మెరుగుపరిచారు. ఆ మార్పులు ఎవరి చేతుల మీదుగా జరిగాయో వాళ్ల పేర్లు కారు మీద ఎక్కడా ఉండవు. వాళ్లు బిగించిన భాగాలే వాళ్ల సంతకాలు.

అప్పుడు గుర్తొచ్చింది, శనివారం పెద్దాయన చెప్పిన మాట. ఆయన తండ్రి ఇదే ఫ్యాక్టరీలో పనిచేశాడు. ఇష్టపడి కొనుక్కున్న కారది. రాత్రిపూట లైట్లు మసకబారుతున్నాయని డెబ్భైల్లో మెకానిక్‌ దగ్గర ఆల్టర్నేటర్‌ పెట్టించారు. డైనమో పాత సామాన్లలోకి పోయింది. ‘మంచి పనే చేశామనుకున్నాం. నాన్న పోయాక ఒకరోజు రేకు చూశాను. జూన్‌లో తయారైంది. దీపం మీద ‘జెన్‌’ అని ఉంది, బానెట్‌ కింద అది లేదు. కారు చేత అబద్ధం చెప్పిస్తున్నట్టు అనిపించింది’ అన్నాడు. సరైన డైనమో కోసం ఏళ్లు వెతికాడు. దానిమీది తేదీ కూడా కారు కంటే కొద్దిగా ముందుదై ఉండాలి కదా! చివరికి దొరికింది.

‘ఇప్పుడు లైట్లు మళ్లీ మసకబారతాయేమో?’ అన్నాను.

‘మసకబారతాయి. అందుకే రాత్రిళ్లు తియ్యను’ అని నవ్వి, తాళం తిప్పాడు. ‘జెన్‌’ దీపం ఎర్రగా వెలిగింది. ఇంజిను అందుకుని ఆయన కాస్త ఎక్సలరేటర్‌ తొక్కగానే... ఆరిపోయింది.