పూత పడకముందే చూడాల్సిన పని

పావగడ తాలూకాలో తిరుమణి చుట్టూ 13,000 ఎకరాల్లో పరుచుకున్న సౌర విద్యుత్ పార్కు చూసి రాయమని సంపాదకులు పంపారు. 2018 మార్చిలో ప్రారంభమై, 2019 చివరికల్లా 2,050 మెగావాట్లకు పెరిగిన పార్కు అది. తాలూకా కర్ణాటకదే అయినా మూడు వైపులా ఆంధ్ర పొలిమేరే, ఊళ్లో వినబడేదీ ఎక్కువగా తెలుగే. సౌర పలకల గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. నన్ను ఆపింది మాత్రం ఊళ్లో కడుతున్న ఒక ఇంట్లో గోడకు గాడి కొట్టి పైపులు బిగిస్తున్న ఎలక్ట్రీషియన్ పనితనం. హాక్సా బ్లేడుతో పైపు కోశాక అతను దాన్ని వెంటనే గాడిలో పెట్టడు. కోసిన అంచు లోపల చాకుతో చుట్టూ గీకి, వేలు పెట్టి తడిమి, నున్నబడిందనుకుంటేనే బాక్సుకు తొడుగుతాడు. వంపు కావాల్సిన చోట పైపులోకి స్ప్రింగు దించి మోకాలి మీద మెల్లగా వంచుతాడు. ‘‘పాయింటుకు ఇంతని కట్టిస్తారు సార్, ఈ గీకుడుకు ఎవరిస్తారు?’’ అన్నాడు పక్కనున్న కుర్రాడు. నాకు ఆ ప్రశ్న పార్కు మొత్తం కంటే పెద్దదిగా తోచింది.

గీకిన అంచుకూ గీకని అంచుకూ తేడా తనిఖీలో తేలదు. అసలు చిక్కంతా ఇక్కడే. భారతీయ ప్రమాణాల్లో వైరింగ్‌కు ఐఎస్ 732 ఉంది, పైపులకు ఐఎస్ 9537 ఉంది. పని పూర్తయ్యాక 500 వోల్టులు ఒక నిమిషం పెట్టి చూస్తే ఇన్సులేషన్ నిరోధం కనీసం ఒక మెగాఓమ్ ఉండాలన్న నియమమూ ఉంది. ఇవన్నీ అవసరమే. కానీ వైరు లాగేటప్పుడు పైపు అంచు గరుకు తగిలి ఇన్సులేషన్ చీరుకుపోయిందనుకుందాం. వైరు చుట్టూ ఉన్నది పొడి గాలి, పొడి ప్లాస్టిక్. రెండూ కరెంటును పోనివ్వవు. ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ ముల్లు హాయిగా పైకే పోతుంది, కాగితం మీద సంతకం పడుతుంది. గోడకు చెమ్మ దిగిన రోజు ఆ చీరిక బయటపడుతుంది. పావగడ లాంటి కరువు సీమలో ఆ రోజు రావడానికి ఏళ్లు పట్టవచ్చు. అప్పటికి పని చేసినవాడెవడో ఇంటివాళ్లకు గుర్తుండదు. నియమం పాటించిన పని, మంచి పని ఒకటే అని నమ్మేవాళ్లు ఈ ఒక్క సంగతి ఆలోచించాలి.

తీరుగా కనిపించడం వేరు, భద్రంగా ఉండడం వేరు అని కొందరంటారు. నిజమే. దారం పెట్టినట్టు తిన్నగా పోయిన పైపుల్లో సన్నటి వైరు వేసి, ఎర్త్ వైరు ఎగ్గొట్టినవాడు ప్రమాదకారే. వంకర పైపులో సరైన వైరు వేసినవాడు అతనికంటే నయం. అందుకే నిబంధనను పక్కన పెట్టమని నేననను. పనితనం అంటే నేననేది కంటికి కనిపించే సొంపు కాదు, గోడ లోపల ఎవరూ చూడని చోట చూపిన జాగ్రత్త. అది ఒక్కొక్కరి కంటికి ఒక్కోలా ఉంటుంది, పుస్తకంలో ఎలా రాస్తారు అన్నది మరో అభ్యంతరం. రాశారు కదా! అమెరికా విద్యుత్ కోడ్‌లో పని తీరుగా, పనివాడు చేసినట్టుగా ఉండాలన్న నియమం ఎన్నో ఏళ్లు ఉంది. 2023 కూర్పులో మాటలు మార్చి వృత్తి నైపుణ్యంతో ఉండాలన్నారు. బ్రిటన్ ప్రమాణం బీఎస్ 7671 కూడా మంచి పనితనం కోరుతుంది. కొలవడమూ సాధ్యమే. వైరు లాగే రెండు బాక్సుల మధ్య వంపులన్నీ కలిపి 360 డిగ్రీలు మించకూడదని అమెరికా కోడ్ లెక్క కట్టింది. నా దృష్టిలో ఇంకా సూటి పరీక్ష ఒకటుంది: వేసిన వైరును వెనక్కి లాగి, అదే పైపులో కొత్తది ఎక్కించగలగాలి. ఎల్బోల మీద ఎల్బోలు పెట్టినవాడి పైపులో అది సాగదు. ఇరవై ఏళ్లకు వైరు మార్చాలంటే గోడ పగలగొట్టాల్సిందే.

పక్కనే ఉన్న పార్కులో ఇన్సులేషన్ సంగతిని ఇంత తేలిగ్గా తీసుకోరు. పలకల వరసల్లో పారేది వెయ్యి వోల్టుల స్థాయి డీసీ కరెంటు. ఇళ్లలోని ఏసీ సెకనుకు వందసార్లు సున్నాకు దిగుతుంది కనుక నిప్పురవ్వ ఆరేందుకు సందు దొరుకుతుంది. డీసీలో ఆ సందు లేదు. అందుకే ఇలాంటి చోట్ల పలకలు గ్రిడ్డుకు కలవకముందే ఇన్సులేషన్ బాగుందో లేదో ఇన్వర్టర్లు పరీక్షించుకుంటాయి. ఆ పలకల నీడన ఉన్న ఇంటి గోడలను మాత్రం గృహప్రవేశం తర్వాత అడిగే దిక్కుండదు.

ఖర్చు పెరుగుతుందన్న వాదన నిలవదు. అంచు గీకడానికి పట్టేది అర నిమిషం. పాయింటుకు ఇంత అని లెక్క కట్టే పద్ధతి ఆ అర నిమిషాన్ని కూడా నష్టంగా మార్చింది. వేగంగా చేసినవాడికి పది ఇళ్లు దొరుకుతుంటే, జాగ్రత్తపరుడు వెనకబడుతున్నాడు. కొన్నాళ్లకు ఆ చాకు పెట్టడం నేర్పేవాడే ఉండడు. ఇల్లు కట్టించేవాళ్లకు నా విన్నపం ఒక్కటే. గోడలకు పూత పడకముందు ఒక పూట ఆగండి. పైపు అంచుల్లో వేలు పెట్టి చూడండి, వంపులు లెక్కపెట్టండి, ప్రతి గోడనూ ఫొటో తీసి దాచుకోండి. గీకినవాడికి పాయింటు మీద నాలుగు రూపాయలు ఎక్కువ ఇవ్వండి.